ఎర్ర నాచు కరిగిపోతోంది, కాలెర్పా ఒక్క రాత్రిలో తెల్లబడింది. ఉప్పునీటి ట్యాంకులో నాచు పెంచేవారు ఎవరైనా చెప్పండి

పెద్దచెరువు_గట్టు
విజయనగరంలో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు, 180 లీటర్లది. రాళ్ళూ ఇసుకా పోను నీళ్ళు 150 లీటర్లు ఉంటాయి. ఏడాదిన్నరగా నడుస్తోంది. చేపలు నాలుగే: రెండు క్లౌన్లు, ఒక గోబీ, ఒక డామ్సెల్. నాకు మొదటి నుంచీ నాచుల మీదే మనసు. వెనక రాయి నిండా పచ్చటి తీగలాంటి కాలెర్పా, ముందు ఇసుకలో హాలిమెడా, నట్టనడుమ ఎర్ర హాలిమేనియా. ఆ ఎర్రదాన్ని అరచేయంత ముక్కగా చెన్నై నుంచి తెప్పించుకున్నాను.

మూడు వారాలుగా దాని అంచులు పలచబడుతున్నాయి. ముందు ఆ ముదురు ఎరుపు నారింజకు దిగింది, తరువాత ఎండిన చామంతి రేకు రంగు. వేలితో తాకితే ఉడికిన ఉల్లిపొరలా విడిపోతోంది. తెల్ల గిన్నెలో కొన్ని నీళ్ళు తీసి చూస్తే లేత గులాబీ రంగు కనబడింది.

నిన్న ఇంకో దెబ్బ. తెల్లవారుజామున ఐదున్నరకు లేచి చూసేసరికి కాలెర్పా మొత్తం గాజుముక్కలా తెల్లబడి ఉంది. నీళ్ళు పాలలో ఆకుపసరు కలిపినట్టున్నాయి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. వెంటనే సగం నీళ్ళు మార్చాను కానీ డామ్సెల్ దక్కలేదు.

పోయిన వారం కొలతలు: నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0, నీటి సాంద్రత 1.026. మధ్యాహ్నం వేడి 29, ఒక్కోరోజు 30. నీళ్ళలో మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్ రాత్రింబవళ్ళు తిరుగుతుంది. ఫాస్ఫేట్ పీల్చే గుళికల సంచీ కూడా వేసి ఉంచాను. నీలం ఎల్ఈడీ దీపం పది గంటలు. నీళ్ళను ఇంత శుభ్రంగా ఉంచుతున్నా ఎందుకిలా అవుతోంది?

వంశధార_ఒడ్డు
మీ ప్రశ్నలోనే జవాబుంది. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నాచు తినేది ఆ రెండింటినే. కంచంలో మెతుకు లేకుండా చేసి, బిడ్డ ఎందుకు చిక్కిపోతోందని అడుగుతున్నారు.

నీలిదీపం
అంత సులువుగా తేల్చకండి. వేడి 30 అంటున్నారు కదా. హాలిమేనియా అంత వేడిని ఇష్టపడదు. దీపం సంగతి కూడా ఉంది. ఎర్ర నాచులు తక్కువ వెలుగులో బతకడానికి అలవాటు పడ్డవి. పగడాల కోసం తయారుచేసిన దీపాన్ని పది గంటలు సూటిగా వేస్తే రంగు వెలిసిపోతుంది. నా ఓటు వేడికీ వెలుగుకీ.

వంశధార_ఒడ్డు
నా ట్యాంకులో మే నెలలో 31 దాకా వెళ్ళింది. కళింగపట్నంలో ఎండ మీకు తెలియనిది కాదు. నా ఎర్ర నాచు బతికే ఉంది. ఎందుకంటే నీళ్ళలో నైట్రేట్ 8 ఉంది. ఒంట్లో సత్తువ ఉంటే ఎండ దెబ్బ కూడా తట్టుకుంటుంది.

మూడులాంతర్లు
చదువుతూ కూర్చున్నాను. నాకింకా ట్యాంకు లేదు. ఉప్పునీటి ట్యాంకంటే పగడాలూ చేపలే అనుకునేవాణ్ని. నాచును అందం కోసం పెంచుతారని ఇదే వినడం. మా ఇంట్లో నీళ్ళ తొట్టెకు పాచి పడితే అమ్మ బ్రష్షుతో రుద్దించేది.

నాచు_టీచర్
కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. పెద్దచెరువు గారూ, మీరు ఒకే సమస్య అనుకుంటున్నారు కానీ రెండు నాచులూ రెండు రకాలుగా పోయాయి.

ముందు కాలెర్పా. అంత పొడవు తీగ, ఆకులు, వేర్లలాంటి పోగులు అన్నీ కలిపి ఒకే ఒక్క కణం. లోపల అడ్డుగోడలు లేవు, కేంద్రకాలు మాత్రం లెక్కలేనన్ని. బతకడం కష్టమని తోచినప్పుడు, ఒక్కోసారి మనకు తెలియని కారణానికి కూడా, ఆ కణంలో ఉన్న సరుకంతా సంతానబీజాలుగా మారిపోతుంది. తెల్లవారే వేళకు వాటిని నీళ్ళలోకి వదిలేస్తుంది. మీరు చూసిన ఆకుపసరు అదే. మిగిలిన తెల్లటి పొర ఖాళీ తొడుగు, తిరిగి పచ్చబడదు. కుళ్ళకముందే తీసేయండి. ఇంత సేంద్రియ పదార్థం ఒక్కసారి నీళ్ళలో కలిస్తే ప్రాణవాయువు పడిపోతుంది. చేపలు పైకి రావడానికి కారణం అది.

ఇక హాలిమేనియా. అది మూడు వారాల పాటు మెల్లగా క్షీణించింది. ఎర్ర నాచుకు ఆ రంగునిచ్చేది ఫైకోఎరిత్రిన్ అనే ప్రోటీన్. నత్రజని (నైట్రేట్‌లో ఉండేది అదే) అందనప్పుడు నాచు ముందుగా దాన్నే విరగ్గొట్టి వాడుకుంటుంది. ఇల్లు గడవక ఒంటిమీది బంగారం అమ్ముకున్నట్టు. అందుకే ఎరుపు నారింజకు దిగింది. ఆ రంగు నీళ్ళలో కరుగుతుంది కాబట్టి కణాలు చచ్చినప్పుడు మీ గిన్నెలో గులాబీ కనబడింది.

నీలిదీపం గారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఎక్కువ వెలుగు పడితే ఆకలి కూడా ఎక్కువవుతుంది. అసలు కారణం మాత్రం తిండి లేకపోవడమే.

పెద్దచెరువు_గట్టు
టీచర్ గారూ, ధన్యవాదాలు. "ఒంటిమీది బంగారం" మాట చదివి లేచి వెళ్ళి ట్యాంకు ముందు నిలబడ్డాను. గుళికల సంచీ ఇప్పుడే తీసేశాను. మరి నత్రజని వెంటనే వేయాలా?

వంశధార_ఒడ్డు
వద్దు. ముందు ఈరోజు కొలవండి. పోయిన వారం లెక్క ఇప్పుడు పనికిరాదు. కాలెర్పా ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా నీళ్ళలో పోసింది.

పెద్దచెరువు_గట్టు
కొలిచాను. నైట్రేట్ 10 చూపిస్తోంది!

వంశధార_ఒడ్డు
చూశారా. అక్వేరియం బొగ్గు సంచీ ఒకటి పెట్టి, స్కిమ్మర్ మూత తీసి పొంగనివ్వండి. గాలి పంపు రాత్రంతా నడవాలి. వారం తరువాత 5 కంటే దిగితే అప్పుడు తిండి సంగతి చూద్దాం.

కోనాడ_కెరటం
ఇలా జరగబోతోందని ముందే కనిపెట్టే దారి ఏమైనా ఉందా? నా దగ్గర కాలెర్పా బుట్టెడు ఉంది, ఈ చర్చ చదివాక నిద్ర పట్టలేదు.

వంశధార_ఒడ్డు
కాలెర్పాలో పచ్చదనం చుక్కలు చుక్కలుగా, చారలుగా విడివడి, కొసలు పాలిపోతే గంటలే మిగిలినట్టు. వెంటనే ఆ పోగు మొత్తం లాగేయాలి. కత్తిరించకండి, తెగిన చోట రసం కారుతుంది. వేళ్ళతో మొదలు దగ్గర పట్టుకుని తీగలా పీకండి. నేను ప్రతి ఆదివారం గుప్పెడు పీకుతాను. తరచు పీకుతూ ఉంటే అది పెరగడం మీదే ఉంటుంది. కొందరు రాత్రి కూడా దీపం ఆర్పకుండా ఉంచి దాన్ని ఆపుతారు. ట్యాంకు కింద వేరే పెట్టెలో పెంచేవారికి అది కుదురుతుంది కానీ చేపలున్న ట్యాంకులో నేను చేయను. వాటికీ చీకటి కావాలి.

హాలిమెడాకైతే ఇంకా స్పష్టమైన గుర్తుంది. పోయిన ఏడు ఒక సాయంత్రం నా కంట పడింది. బిళ్ళలు బిళ్ళలుగా ఉంటుంది కదా, ఆ బిళ్ళల అంచుల వెంట ముదురాకుపచ్చ పూసలు, ఆవగింజ కంటే చిన్నవి, గుత్తులుగా మొలిచాయి. మధ్యాహ్నం లేవు. బిళ్ళ మధ్యలో పచ్చదనమంతా అంచుకు పారిపోయి సున్నపు తెలుపు బయటపడింది. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెల్లవారుతుండగా ఆ పూసల నుంచి పచ్చటి పొగ లేచింది. పావుగంటలో అంతా అయిపోయింది. పొద్దెక్కేసరికి మొక్క స్థానంలో తెల్లని సున్నపు బిళ్ళలు మిగిలాయి. నష్టం జరిగిందని తెలుసు, అయినా అంత అందమైన దృశ్యం నేను ట్యాంకులో మళ్ళీ చూడలేదు.

నాచు_టీచర్
మీరు చూసింది పగడపు దిబ్బల మీద జరిగేదే. అక్కడ ఒకే తెల్లవారుజామున ఒకే జాతి హాలిమెడాలు చాలా కలిసి బీజాలు వదులుతాయి. తరువాత రాలిన బిళ్ళలే తెల్ల ఇసుకగా మారతాయి. చాలా ద్వీపాల తీరాల్లో ఇసుకలో పెద్ద భాగం అదే. పెద్దచెరువు గారూ, మీ హాలిమెడాకు కాల్షియం 400 పీపీఎంకు (లీటరుకు మిల్లీగ్రాములు) తగ్గకుండా చూసుకోండి. క్షారత్వం 8 డీకేహెచ్ దగ్గర ఉంటే చాలు.

రైతుబిడ్డ_రాజాం
వారం తరువాత తిండి వేయాల్సి వస్తే ఖరీదైన సీసాలు కొనకండి. ఎరువుల దుకాణంలో 13-0-45 అడగండి. అది పొటాషియం నైట్రేటే, నీళ్ళలో పూర్తిగా కరుగుతుంది. మేము మొక్కజొన్న మీద పిచికారీ చేస్తాం. లెక్క చెబుతాను: ఒక గ్రాములో 0.61 గ్రాము నైట్రేట్. మీ 150 లీటర్లకు ఒక గ్రాము వేస్తే 4 పీపీఎం పెరుగుతుంది. ఫాస్ఫేట్‌కు 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. అది మాత్రం జాగ్రత్త. గ్రాము తీసి లీటరు నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళు 15 మిల్లీలీటర్లు పోస్తే 0.07 పీపీఎం. చెంచాతో పొడి వేశారంటే ట్యాంకంతా పాచి.

యూరియా మాత్రం వద్దు. విరిగితే అమోనియా అవుతుంది, చేపలకు విషం.

ఏడురోడ్ల_వాసి
దీనికి నేను ఒప్పుకోను. ఎరువు సంచుల్లో కొన్నిటికి సూక్ష్మపోషకాలు కలుపుతారు. అందులో రాగి ఉంటే రొయ్యలూ నత్తలూ పోతాయి. నాకు జరిగింది. పన్నెండు నత్తలు రెండు రోజుల్లో అడుగున పడ్డాయి. ప్రయోగశాలకు అమ్మే రకం కొనుక్కోవాలి.

రైతుబిడ్డ_రాజాం
సంచీ మీద రాసినది చదివి, ఏమీ కలపని రకం తెచ్చుకోమనే నా మాట. మీ సంచీ మీద ఏం రాసి ఉంది?

ఏడురోడ్ల_వాసి
విడిగా పొట్లం కట్టి ఇచ్చారు. సంచీ చూడలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. అయినా ప్రయోగశాల రకం అరకిలో కొంటే మనకు ఏళ్ళు వస్తుంది. ప్రాణాలతో పని కదా.

నాచు_టీచర్
ఇద్దరూ ఒక మాట గమనించండి. సముద్రంలో సూక్ష్మజీవులకు నత్రజని, భాస్వరం సుమారు 16కు 1 పాళ్ళలో ఉంటే పెద్ద నాచులకు 30కి 1 దాకా ఉంటుంది. అంటే నాచుల ట్యాంకులో నైట్రేటే ముందు అయిపోతుంది. ఫాస్ఫేట్ చేపల మేతతోనే చాలావరకు వస్తుంది. ముందు నైట్రేట్ చూసుకుంటే సగం పని అయినట్టే.

కోనాడ_కెరటం
మన పక్కనే సముద్రం పెట్టుకుని చెన్నై నుంచి తెప్పించడం ఎందుకు? నేను భీమిలి వైపు రాళ్ళ దగ్గరకు ఆటు సమయంలో వెళ్ళి ఉల్వా, సర్గాసం, గ్రసిలేరియా నాచులు తెచ్చాను.

నాచు_టీచర్
ఎన్నాళ్ళున్నాయి?

కోనాడ_కెరటం
సర్గాసం పదిహేను రోజులు. ఉల్వా బాగుంది కానీ మా ట్యాంగ్ చేప రెండు రోజుల్లో తినేసింది. గ్రసిలేరియా ఏడు నెలలుగా పెరుగుతూనే ఉంది.

నాచు_టీచర్
అదే అడిగాను. రాళ్ళ మీద కెరటాల దెబ్బ తింటూ పెరిగినవి అద్దాల పెట్టెలో నిలవడం కష్టం. సర్గాసానికి ఆ విసురు కావాలి. గ్రసిలేరియా ఓర్పున్న మొక్క, చిలికా సరస్సులో కూడా పెరుగుతుంది, ఉప్పు కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. జెల్లీలా గడ్డకట్టే అగర్ తీసేది ఇలాంటి ఎర్ర నాచుల నుంచే. రాయి మీద పెరుగుతున్న మొదలు పీకకుండా, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాజా కొమ్మ ఒకటి తెచ్చుకుంటే చాలు. వారం రోజులు వేరే బకెట్లో గాలి పెట్టి ఉంచి, పీతపిల్లలు ఏమైనా బయటపడతాయేమో చూసి ట్యాంకులో వేయండి.

మూడులాంతర్లు
సముద్రం నీళ్ళే తెచ్చి పోసుకోవచ్చా? సముద్రం ఒడ్డున ఉన్న చింతపల్లి మా మేనమామ గారి ఊరు. పోనీ నౌపడ ఉప్పు మంచినీళ్ళలో కలిపితే?

వంశధార_ఒడ్డు
నౌపడ ఉప్పు కూరలోకి మంచిది, ట్యాంకులోకి కాదు. మడిలో నీరు ఇగిరేటప్పుడు ముందు సున్నం, జిప్సం అడుగున పడతాయి. తరువాత ఉప్పు గడ్డ కడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్ళలో ఉండిపోతుంది. మీకు దక్కేది సోడియం క్లోరైడ్. దాంతో నాచు బతకదు, చేప అసలే బతకదు.

సముద్రం నీళ్ళు మాత్రం తెచ్చుకోవచ్చు. నేను ఏళ్ళుగా అవే వాడుతున్నాను. అంతా తెచ్చే నెలలోనే ఉంది. వానాకాలం చివర, అక్టోబరు, నవంబరుల్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్ళు కలిసిన ప్రవాహం తీరం వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. దానికి తోడు మన వంశధార, నాగావళి. అప్పుడు ఒడ్డున ఉప్పు బాగా తగ్గిపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం ఎదురు తిరుగుతుంది, నీరు తేటగా, ఉప్పగా ఉంటుంది. నేను మార్చిలో డ్రమ్ములు నింపుతాను. నది కలిసే చోటుకు దూరంగా, పోటు నిండుగా ఉన్నప్పుడు. గుడ్డలో వడగట్టి, మూతపెట్టి చీకటిలో మూడు వారాలు ఉంచి, అడుగు కదలకుండా తోడుకుంటాను. ప్రతిసారీ ఉప్పు కొలిచి తీరాలి.

నీలిదీపం
నేను ఆ పని చేయను. ఒడ్డున పడవల డీజిల్ ఉంటుంది, రొయ్యల చెరువుల నీళ్ళు కలుస్తాయి. సింథటిక్ ఉప్పు ఖరీదైనా అందులో ఏముందో తెలుస్తుంది.

వంశధార_ఒడ్డు
మీ భయం న్యాయమైనదే. రొయ్యల చెరువులున్న చోట నేనూ ముంచను.

ఉద్దానం_కొబ్బరి
నాచు గురించి నాకు ఒక్కటే తెలుసు, అది చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో కొబ్బరిచెట్లు పడిపోయాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. తొమ్మిది రోజులు కరెంటు లేదు. ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేసింది.

నాకు నాలుగడుగుల ట్యాంకు ఉండేది. కింద పెట్టెలో కీటోమార్ఫా, గేలపు దారం చిక్కుపడ్డట్టు ఉండే ఆకుపచ్చ నాచు, ఫుట్‌బాల్ అంత ఉండ. దాన్ని పైకి తీసి ట్యాంకులోనే వేసి, కిటికీ తలుపులు పూర్తిగా తెరిచాను. పగలు వెలుగు పడినంతసేపూ ఆ ఉండ నిండా చిన్న చిన్న బుడగలు పట్టేవి. చేపలు దాని చుట్టూ చేరేవి. రాత్రి భయం. చీకట్లో నాచు కూడా ప్రాణవాయువునే వాడుకుంటుంది కదా. నేనూ మా ఆవిడా వంతులు వేసుకుని చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి పోసేవాళ్ళం. ఇంటిముందు పడిన చెట్లు నరకాలి, తాగేనీళ్ళకు వరుసలో నిలబడాలి, రాత్రి ఇది. ఏడు చేపల్లో ఐదు మిగిలాయి. ఆ నాచు ముక్కలు ఇప్పటికి పాతిక ఇళ్ళకు ఇచ్చి ఉంటాను.

పెద్దచెరువు_గట్టు
కొబ్బరి గారూ, ఇది రెండుసార్లు చదివాను. హుద్‌హుద్ అప్పుడు నాకు మంచినీటి ట్యాంకు ఉండేది, ఒక్క చేపా మిగల్లేదు. చెంబుతో పోయవచ్చని ఎవరూ చెప్పలేదు.

నీలిదీపం
అయితే కాలెర్పా తీసేసి కీటోమార్ఫా వేసుకోండి. అది అలా ఒక్క రాత్రిలో పేలిపోవడం చాలా అరుదు.

ఏడురోడ్ల_వాసి
నాదీ అదే మాట. పీకిన కాలెర్పా కాలువలో పారేస్తే ఏమవుతుందో లోకం చూసింది. 1984లో మొనాకో దగ్గర మధ్యధరా సముద్రంలో గజం మేర కనబడిన అక్వేరియం రకం కాలెర్పా టాక్సిఫోలియా తరువాత వేల ఎకరాలకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలో కనబడితే అది ఉన్నచోట టార్పాలిన్ కప్పి కింద క్లోరిన్ పెట్టి చంపారు. దాన్ని పూర్తిగా పోగొట్టడానికి ఏళ్ళు పట్టింది.

నాచు_టీచర్
కాలెర్పా జాతులు మన తీరంలోనూ సహజంగా ఉన్నాయి, మొక్కను తిట్టకండి. ట్యాంకులో పెరిగినదాన్ని నాగావళిలోనో సముద్రంలోనో వదలకూడదన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. మన్నార్ సింధుశాఖలో సాగుకు తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు కురుసడై ద్వీపం దగ్గర పగడాల మీదికి ఎక్కింది.

ఉద్దానం_కొబ్బరి
నేను కోసినదంతా డాబా మీద పెళపెళలాడేలా ఎండబెట్టి, వాన నీళ్ళలో ఒకసారి కడిగి కొబ్బరి మొదట్లో వేస్తాను. కొబ్బరికి ఆ కాస్త ఉప్పు లెక్కలోది కాదు.

మూడులాంతర్లు
నాచుల మధ్య సముద్రపు గుర్రాలు పెంచితే బాగుంటుందని ఒక వీడియోలో చూశాను.

ఏడురోడ్ల_వాసి
వద్దు బాబూ. సముద్రపు గుర్రాలనూ రాతి పగడాలనూ 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. ఎవరైనా రహస్యంగా ఇస్తామన్నా తీసుకోకండి. రంగులు కావాలంటే ఈ ఎర్ర, పచ్చ నాచులే చాలు, ఒక్క ప్రాణిని దిబ్బ మీద నుంచి పెకలించనక్కరలేదు.

పెద్దచెరువు_గట్టు
ఐదు వారాల తరువాత మళ్ళీ వచ్చాను.

స్కిమ్మర్ రాత్రి మాత్రమే నడుపుతున్నాను. దీపం ఏడు గంటలకు తగ్గించి, తెల్ల వెలుగు కలిపాను. ట్యాంకు మీదికి చిన్న ఫ్యాను పెట్టాను, వేడి 28 దాటడం లేదు. రోజుకు రెండు లీటర్లు ఇగురుతోంది, ఆర్‌ఓ నీళ్ళతో నింపుతున్నాను. తొమ్మిదో రోజుకు నైట్రేట్ 3కు దిగింది. రాజాం గారి లెక్క, ఏడురోడ్ల గారి సరుకు: ప్రయోగశాల రకం పొటాషియం నైట్రేట్ ఒక గ్రాము. ఇప్పుడు నాలుగు రోజులకోసారి వేస్తున్నాను, 5కూ 8కీ మధ్య నిలుస్తోంది.

హాలిమేనియాలో బతికింది బొటనవేలి గోరంత. మిగతాది కోసేసి దాన్ని రాయికి సూపర్ గ్లూ జెల్‌తో అంటించాను. ఇరవై రోజులు ఉలుకూ పలుకూ లేదు. పోయిన మంగళవారం చూస్తే అంచున కొత్త నాలుక ఒకటి పొడుచుకొచ్చింది, తడిసిన పట్టుచీర అంచులా ముదురెరుపు. టార్చి వెనక నుంచి వేస్తే దాని గుండా వెలుగు ఎర్రగా వస్తోంది. పాత ముక్క ఇంకా నారింజగానే ఉంది.

నాచు_టీచర్
పాతది రంగు తిరగకపోయినా కంగారు పడకండి. కొత్తది రెండంగుళాలు అయ్యేదాకా కత్తెర పెట్టకండి.

నీలిదీపం
దీపం గంటలు తగ్గించారన్నమాట.

వంశధార_ఒడ్డు
నైట్రేట్ కూడా వేశారన్నమాట.

ఉద్దానం_కొబ్బరి
మీ ఇద్దరినీ ఒకే ట్యాంకు ముందు కూర్చోబెట్టాలి. పెద్దచెరువు గారూ, వెనక రాయి ఖాళీగా ఉంది కదా, నా కీటోమార్ఫా పిడికెడు పంపుతాను. ఆదివారం మా అబ్బాయి విజయనగరం వస్తున్నాడు. తడి వార్తాపత్రికలో చుట్టి, డబ్బాలో పెట్టి ఇస్తాను. ఎండలో ఉంచకపోతే సాయంత్రం దాకా ఏమీ కాదు.

పెద్దచెరువు_గట్టు
బస్టాండుకు నేనే వస్తాను. బకెట్లో ట్యాంకు నీళ్ళు సిద్ధంగా ఉంచుతాను. నా దగ్గర హాలిమెడా ఒక గుత్తి ఎక్కువే ఉంది, తిరుగు బస్సులో మీకు పంపుతాను. బిళ్ళల అంచున పూసలు కనబడితే ఆ రాత్రి నాకు ఫోను చేయండి.